పొలానికి ప్రభుత్వ సొమ్ము: నేల, నీటి పథకాలు, పంట రుణం ఎక్కడ అడగాలి, ఎలా తెచ్చుకోవాలి

పథకం పేరు పట్టుకుని ఆఫీసుకు వెళ్తే తరచూ ఉత్త చేతులతో తిరిగి రావాల్సి వస్తుంది. "ఫలానా యోజన వచ్చిందంట కదా సార్" అంటే "ఇంకా బడ్జెట్ రాలేదు" అనేస్తారు. అదే "మూడెకరాల ఎర్ర నేల ఉంది, బోరు రెండించులు పోస్తోంది, బత్తాయికి డ్రిప్ కావాలి, కాగితాలు ఇవిగో" అని కూర్చుంటే, ఆ ఏడు ఏ పద్దులో డబ్బుంటే ఆ పద్దులో మీ దరఖాస్తు ఎక్కుతుంది. పేర్లు ప్రభుత్వంతో పాటు మారుతుంటాయి. రైతు భరోసా కేంద్రం రైతు సేవా కేంద్రం అయింది, తెలంగాణ భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చింది. డబ్బు వచ్చే దారులు మాత్రం ఎప్పుడూ ఆ ఐదారే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతులకు ఆ దారులు ఎక్కడున్నాయో, ఏ మలుపులో ఫైలు ఆగిపోతుందో కింద రాశాం.

ఏ పనికి ఏ గడప

ఏటా పంట పెట్టుబడి కావాలంటే బ్యాంకు గానీ, ఊళ్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం గానీ. మనం సొసైటీ అంటాం కదా, అదే. డ్రిప్, స్ప్రింక్లర్లకు ఆంధ్రాలో ఏపీఎంఐపీ, అంటే సూక్ష్మ నీటిపారుదల ప్రాజెక్టు (దరఖాస్తు రైతు సేవా కేంద్రంలో), తెలంగాణలో ఉద్యాన శాఖ. సొంత పొలంలో పంట కుంట, గట్లు, పండ్ల మొక్కలు, పశువుల షెడ్డు, కంపోస్టు తొట్టి ఉపాధి హామీ పనుల్లోకి వస్తాయి. వాటికి గ్రామసభ, ఆపైన ఎంపీడీఓ ఆఫీసు. వాలు మొత్తం కోసుకుపోతోంది, ఒక్క పొలంలో గట్టు వేస్తే నిలవదు అనుకుంటే అది వాటర్‌షెడ్ పని. దాన్ని ఒక రైతు అడిగితే రాదు, పంచాయతీ తీర్మానం చేసి జిల్లా నీటి యాజమాన్య సంస్థకో గ్రామీణాభివృద్ధి శాఖకో పంపాలి. పనిముట్లకు వ్యవసాయ శాఖ. గోదాము, గ్రేడింగ్ షెడ్డు, శీతల గిడ్డంగి లాంటివాటికి మళ్లీ బ్యాంకే, కానీ వేరే పద్దు.

ఎవరిని కలవాలో తెలియకపోతే ఆంధ్రాలో రైతు సేవా కేంద్రంలోని గ్రామ వ్యవసాయ సహాయకుడు, తెలంగాణలో మీ క్లస్టర్ ఏఈఓ, అంటే వ్యవసాయ విస్తరణాధికారి. ఏఈఓ కూర్చునేది రైతు వేదికలో. ఫోన్లో అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 తెలుగులోనే మాట్లాడుతుంది. అయితే అక్కడ నిబంధన చెబుతారు, మీ మండలంలో ఈ నెల నిధులున్నాయో లేదో చెప్పలేరు.

ముందు కాగితాలు

ఆగిపోయిన ఫైళ్లు తీసి చూస్తే అర్హత లేక ఆగినవాటికంటే పేరు కలవక ఆగినవే ఎక్కువ కనిపిస్తాయి. ఆధార్‌లో "వెంకట సుబ్బారావు", పాసు పుస్తకంలో "వెంకటసుబ్బయ్య", బ్యాంకు ఖాతాలో "వి. సుబ్బారావు" అని ఉంటే మనిషి ఒకడే అని ఊరందరికీ తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. ఏ పథకానికి వెళ్లేముందైనా మూడింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. సరిచేయాల్సి వస్తే ఆధార్‌ను భూమి రికార్డుకు తగ్గట్టు మార్చుకోవడం సాధారణంగా తేలిక. భూమి రికార్డు మార్చాలంటే తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలి.

భూమి కాగితాల్లో ఆంధ్రా వాళ్లకు 1బి, అడంగల్ మీభూమి పోర్టల్‌లో దొరుకుతాయి. తెలంగాణ వాళ్లు భూభారతిలో ఖాతా నంబరుతో చూసుకోవచ్చు. చూడాల్సింది విస్తీర్ణం ఒక్కటే కాదు. సర్వే నంబరు సబ్‌డివిజన్ సరిగ్గా ఉందా, భూమి స్వభావం గడిలో పట్టా అని ఉందా, అనుభవదారు గడిలో ఎవరి పేరుంది, పాత బ్యాంకు అప్పు తాలూకు నమోదు ఇంకా తీసేయకుండా ఉందా అన్నవి చూడండి. ఎప్పుడో తీర్చేసిన అప్పు రికార్డులో మిగిలిపోయి కొత్త రుణానికి అడ్డం పడటం మామూలే. అప్పు తీరగానే బ్యాంకు నుంచి బాకీ లేదన్న కాగితం, రికార్డులో నమోదు తొలగింపు రెండూ అడిగి చేయించుకోవాలి.

తండ్రి పోయి పదేళ్లయినా భూమి ఆయన పేరునే ఉంటే అన్నదమ్ములు నలుగురికీ ఏ పథకమూ రాదు. పంట పండించేది మీరే అయినా సబ్సిడీ, రుణం పట్టాదారు పేరు చూసే ఇస్తారు. ముందు వారసత్వ మార్పిడి, అంటే మ్యుటేషన్, చేయించుకోండి. భాగాలు తేలకపోతే ఉమ్మడి ఖాతాగా నమోదు చేయించుకుని, మిగతా వాటాదారుల సమ్మతి పత్రంతో ఒకరు దరఖాస్తు చేసే వీలు చాలా పథకాల్లో ఉంటుంది.

ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ రైతు రిజిస్ట్రీ కింద 11 అంకెల రైతు గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. అది మీ ఆధార్‌నూ సర్వే నంబర్లనూ కలిపే ముడి. చేయించుకునేటప్పుడు మీ నంబర్లన్నీ అందులో ఎక్కాయో లేదో అక్కడే చదివించుకోండి. రెండు గ్రామాల్లో భూమి ఉన్నవాళ్లకు ఒక గ్రామానిదే ఎక్కి రెండోది వదిలేయడం జరుగుతోంది.

ఇంకొకటి, చాలామందికి తెలియక నష్టపోయేది. నేరుగా ఖాతాలో పడే డబ్బు మీరు దరఖాస్తులో రాసిన ఖాతాలోకే వస్తుందని అనుకోవద్దు. ఆధార్ ఆధారంగా పంపేటప్పుడు, మీ ఆధార్‌ను ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ) దగ్గర చివరగా ఏ బ్యాంకు అనుసంధానం చేసిందో ఆ ఖాతాకు వెళ్తుంది. ఎవరో శిబిరం పెట్టి తెరిపించిన ఖాతా చివరిదైతే డబ్బు అందులో పడి ఉంటుంది, మీరేమో రాలేదని తిరుగుతుంటారు. బ్యాంకుకు వెళ్లి "ఆధార్ సీడింగ్ ఏ ఖాతాకు ఉంది" అని అడిగి, కావలసిన ఖాతాకు మార్పించుకోండి. పీఎం కిసాన్ విడత ఆగిందంటే దాన్నొక హెచ్చరికగా తీసుకోవాలి. ఈకేవైసీ, ఆధార్ సీడింగ్, భూమి వివరం, ఈ మూడింటిలో ఒకటి తెగి ఉంటుంది. అదే తెగిన చోట మిగతా పథకాలూ ఆగుతాయి.

పంట రుణం: కిసాన్ క్రెడిట్ కార్డు (కేసీసీ)

1998 నుంచి ఉన్న పథకమే, అయినా లెక్క తెలిసి బ్యాంకుకు వెళ్లేవాళ్లు తక్కువ. బ్యాంకు ఎంతిస్తుందన్నది మేనేజరు దయ మీద ఆధారపడదు. ప్రతి జిల్లాలో ఏటా సాంకేతిక కమిటీ కూర్చుని పంటవారీగా ఎకరాకు ఇంత అని రుణ పరిమితి ఖరారు చేస్తుంది. స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటారు. ఆ జాబితా లీడ్ బ్యాంకు (జిల్లాలోని బ్యాంకులన్నింటినీ సమన్వయం చేసే బ్యాంకు) మేనేజరు ఆఫీసులోనూ, జిల్లా సహకార బ్యాంకులోనూ ఉంటుంది. మీ పంటకు ఎంతో ముందే తెలుసుకుని వెళ్లండి.

లెక్క ఇలా. ఉదాహరణకు ఒక పంటకు ఎకరాకు 40,000 రూపాయలు ఖరారైందనుకుందాం. రెండెకరాలకు 80,000. దానికి ఇంటి ఖర్చు, కోత తర్వాతి ఖర్చుల కింద 10 శాతం, 8,000. పనిముట్లు, బోరు లాంటి వాటి నిర్వహణకు 20 శాతం, 16,000. మొత్తం మొదటి ఏడాది పరిమితి 1,04,000, బీమా ప్రీమియం ఉంటే అది అదనం. కార్డు ఐదేళ్లకు ఇస్తారు, పరిమితి ఏటా 10 శాతం చొప్పున పెరగాలి. అంటే రెండో ఏడు 1,14,400, ఐదో ఏడుకు దాదాపు 1,52,000. చాలా బ్రాంచీల్లో ఈ 10, 20, 10 శాతాలు కలపకుండా ఉత్త 80,000 ఇచ్చి సరిపెడతారు. మంజూరు పత్రం అడిగి తీసుకుంటే ఎక్కడ తగ్గించారో కనిపిస్తుంది.

వడ్డీ విషయానికొస్తే 3 లక్షల దాకా 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఈ పరిమితిని 5 లక్షలకు పెంచుతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మీ బ్రాంచిలో ప్రస్తుతం ఏది అమల్లో ఉందో అడిగి, దాని ప్రకారమే లెక్క వేసుకోండి. 1,04,000 అప్పు మీద 7 శాతం అంటే ఏడాదికి 7,280, 4 శాతమైతే 4,160. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ 3,120 రూపాయలు పోయినట్టే, పైగా గడువు దాటిన రోజు నుంచి బ్యాంకు మామూలు వడ్డీ మొదలవుతుంది. గడువు తేదీ పాసు పుస్తకంలో రాయరు. డబ్బు తీసుకున్న రోజే అడిగి మంజూరు పత్రం మీద రాయించుకోండి.

అప్పు కట్టడానికి చేతిలో డబ్బు లేక చాలామంది "తిరగరాయించుకుంటారు". బయట రోజువారీ వడ్డీకి తెచ్చి పొద్దున కట్టి, సాయంత్రం మళ్లీ తీసుకోవడం ఒక రకం. కాగితం మీదే సర్దుబాటు చేసి పాత వడ్డీని అసలులో కలిపేయడం ఇంకో రకం, బుక్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. రెండో రకంలో మీ చేతికి రూపాయి రాదు, అప్పు మాత్రం పెరుగుతుంది. సంతకం పెట్టేముందు కొత్త అసలు ఎంతో చూడండి. మేలైన పద్ధతి ఏమిటంటే కేసీసీని క్యాష్ క్రెడిట్ ఖాతాలాగే వాడటం: పంట అమ్మిన డబ్బు అందులోనే వేయడం, అవసరమైనంతే తీయడం. వడ్డీ వాడిన మొత్తానికి, వాడిన రోజులకే పడుతుంది.

తాకట్టు గురించి: 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణానికి తాకట్టు, హామీదారు అక్కర్లేదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అంతకుముందు ఇది 1.6 లక్షలు. పంట మీద హైపోథికేషన్, అంటే పంట మీ దగ్గరే ఉంచి దాన్ని అప్పుకు పూచీగా రాయడం, మాత్రమే రాయించుకుంటారు. దీనికి భూమి మార్ట్‌గేజ్ అడిగితే ఎందుకని అడగండి. నాలుగు బ్యాంకుల నుంచి నో డ్యూ సర్టిఫికెట్లు తెమ్మనడం ఇంకా పోలేదు. పల్లెల్లో వ్యక్తిగత రుణాలకు దీన్ని పట్టుబట్టవద్దని, రైతు స్వీయ ప్రకటన, క్రెడిట్ రిపోర్టు చూసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2015లోనే చెప్పింది.

బంగారం పెట్టి తీసే పంట రుణం గంటలో వస్తుంది, నిజమే. కానీ వడ్డీ రాయితీ దక్కేది కేసీసీ కింద ఇచ్చిన పంట రుణానికి. తీసుకునే ముందు "ఇది కేసీసీ ఖాతానేనా, రాయితీ పడుతుందా" అన్న ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

దరఖాస్తు కౌంటర్‌లో ఇచ్చి రసీదు తీసుకోవాలి, లేదా జన్ సమర్థ్ పోర్టల్‌లో వేసి నంబరు రాసుకోవాలి. పూర్తి కాగితాలతో ఇచ్చిన దరఖాస్తుకు రెండు వారాల్లో కార్డు ఇవ్వాలన్నది నియమం. రసీదు లేకపోతే ఆ రెండు వారాలు ఎప్పుడు మొదలయ్యాయో ఎవరూ చెప్పలేరు. పాలు, కోళ్లు, చేపలు పెంచేవాళ్లకూ 2018-19 నుంచి కేసీసీ ఉంది. వడ్డీ రాయితీ 2 లక్షల దాకా.

బీమా ముచ్చట ఒకటి. ఫసల్ బీమా 2020 ఖరీఫ్ నుంచి రుణం తీసుకున్నవాళ్లకూ ఐచ్ఛికమే. వద్దనుకుంటే గడువుకు ఏడు రోజుల ముందే రాసివ్వాలి, లేకపోతే ప్రీమియం కోసేస్తారు. కావాలనుకుంటే బ్యాంకు పుస్తకంలో రాసిన పంట, ఈ-పంటలో (ఆంధ్రాలో ప్రభుత్వ పంట నమోదు) ఎక్కిన పంట, పొలంలో ఉన్న పంట ఒకటే కావాలి. బ్యాంకులో వేరుశనగ అని రాయించి చేలో పత్తి వేస్తే ప్రీమియం కట్టీ పరిహారం రాదు.

కౌలు రైతు దారి వేరు

ఆంధ్రాలో 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం, సీసీఆర్‌సీ, 11 నెలలకు ఇస్తారు. భూ యజమాని సంతకం తప్పనిసరి, అక్కడే చిక్కు. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. ఆ కార్డుతో యాజమాన్య హక్కుకు ఏ సంబంధమూ లేదని చట్టంలోనే ఉంది. గ్రామ రెవెన్యూ అధికారి ఎదుట ఆ మాట చెప్పిస్తే కొందరైనా ఒప్పుకుంటారు. రెండో చిక్కు ఇంకా గట్టిది. ఆ సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు కౌలుదారుకు ఇవ్వదు, ఒక పంటకు రెండు అప్పులు కుదరవు కాబట్టి. కౌలు ఒప్పందం కుదుర్చుకునేటప్పుడే ఈ సంగతి అడిగి, కౌలు ధరలో తేల్చుకోవడం నయం.

తెలంగాణలో 2011 నాటి చట్టం కింద రుణ అర్హత కార్డుల ఏర్పాటు ఉన్నా ఆచరణలో పనికొచ్చేది ఉమ్మడి బాధ్యత సంఘం, జేఎల్‌జీ. నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి ఒకరికొకరు పూచీగా ఉండి రుణం తీసుకుంటారు, తాకట్టు ఉండదు. ఒకే ఊరివాళ్లు, ఒకరి పొలం ఒకరికి తెలిసినవాళ్లు కావాలి. ఒకే ఇంట్లోవాళ్లను కలిపి సంఘం అంటే బ్యాంకు ఒప్పుకోదు. ఒక్కరు ఎగ్గొడితే మిగతావాళ్లకు మరుసటి ఏడు రుణం ఆగుతుంది, కాబట్టి మొహమాటంతో ఎవరినీ చేర్చుకోవద్దు.

డ్రిప్: సబ్సిడీ శాతం కంటే సర్వే ముఖ్యం

కేంద్ర నిబంధన చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, మిగతావారికి 45 శాతం. దానికి రాష్ట్రాలు కలుపుతాయి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు 100, బీసీలకు, చిన్న సన్నకారు రైతులకు 90, మిగతావారికి 80 శాతం. ఆంధ్రాలోనూ చిన్న రైతుకు 90 శాతం ఉంది, పెద్ద కమతాలకు ప్రాంతాన్ని బట్టి తగ్గుతుంది. ఒక మనిషికి 5 హెక్టార్లు దాటదు, ఒకసారి తీసుకున్న నేలకు మళ్లీ ఏడేళ్ల దాకా రాదు.

ఈ శాతాలన్నీ ప్రభుత్వం కట్టిన యూనిట్ ధర మీద, కంపెనీ బిల్లు మీద కాదు. పనిముట్లకూ ఇదే సూత్రం. చిన్న, సన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం అంటారు. ఒక యంత్రానికి ప్రభుత్వ ధర లక్ష, షాపు బిల్లు 1,30,000 అయితే 50 శాతం అంటే 50,000 వస్తుంది, 65,000 రాదు. మీ జేబులోంచి 80,000.

దరఖాస్తు వేశాక కంపెనీ మనిషి వచ్చి కొలిచి డిజైన్ గీస్తాడు. అప్పుడు పొలంలో మీరు ఉండాలి. బోరు ఎంత పోస్తోంది, మొక్కకూ మొక్కకూ ఎడం ఎంత, వాలు ఎటు, ఈ మూడూ మీరే చెప్పి రాయించండి. ఇవి తప్పితే పైపు సైజు తప్పుతుంది, చివరి సాళ్లకు నీరందదు. డిజైన్ కాగితం నకలు దగ్గర ఉంచుకోండి. రైతు వాటా డబ్బు చెప్పిన ఖాతాకే కట్టాలి, డీలరు చేతికి నగదు ఇచ్చి "తర్వాత రసీదిస్తా" అంటే నమ్మొద్దు. మంజూరు రాకముందే పైపులు దించుకుని బిగించేసుకున్నవాళ్లకు సబ్సిడీ పోతుంది. సబ్సిడీ ఉన్న ఏ పనికైనా ఇదే వరస: మంజూరు ముందు, పని తర్వాత.

సామాను వచ్చాక పైపు మీద ముద్ర చదవండి. మామూలు లేటరల్‌కు (సాళ్ల వెంట పరిచే సన్న పైపు) ఐఎస్ 12786, డ్రిప్పర్లు లోపలే ఉన్న ఇన్‌లైన్ పైపుకు ఐఎస్ 13488 ఉండాలి. బిగించాక తనిఖీకి వచ్చిన రోజు మీరూ ఒక పరీక్ష చేయండి. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ కింద గిన్నె పెడితే 15 నిమిషాల్లో లీటరు నిండాలి, 2 లీటర్లదైతే అర లీటరు. మోటారు దగ్గరి సాలులో ఒకటి, నడిమధ్యన ఒకటి, అన్నింటికంటే దూరపు సాలు చివర ఒకటి పెట్టండి. దగ్గర లీటరు నిండి చివర ముప్పావు లీటరే వస్తే డిజైన్ గానీ, ఫిల్టరు గానీ, ఒత్తిడి గానీ తప్పినట్టు. సరిచేసేదాకా "సంతృప్తికరం" అన్న కాగితం మీద సంతకం పెట్టకండి. ఆ సంతకంతోనే కంపెనీకి సబ్సిడీ విడుదలవుతుంది, తర్వాత ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు.

పంట కుంట

కుంట అడిగేముందు దానిలో ఎన్ని నీళ్లు పడతాయో లెక్క వేసుకోండి. పైన 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు అంటే 200 ఘనపు మీటర్లు అనిపిస్తుంది. గోడలు నిలువుగా తవ్వితే కూలిపోతాయి కాబట్టి మీటరు లోతుకు మీటరున్నర వాలు వదలాలి. అప్పుడు అడుగున 4 మీటర్ల చదరమే మిగులుతుంది, నీరు 104 ఘనపు మీటర్లు. ఎకరాకు 25 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 101 ఘనపు మీటర్లు కావాలి. అంటే ఒకసారి నిండిన కుంట ఎకరం మెట్ట పంటకు ఒక ప్రాణాధార తడి. మూడెకరాల కందికి తడి ఆశిస్తే ఈ కొలత చాలదు, పెద్దది అడగాలి లేదా స్ప్రింక్లర్‌తో తడి తగ్గించుకోవాలి.

స్థలం వాలుకు దిగువన ఉండాలి గానీ వాగు నడిగర్భంలో ఉండకూడదు, మొదటి పెద్ద వానకే ఒండ్రుతో పూడిపోతుంది. నీరు లోపలికి వచ్చే చోట చిన్న ఒండ్రు గుంత, నిండాక బయటికి పోయేందుకు రాళ్లు పేర్చిన మత్తడి అంచనాలోనే రాయించండి. తవ్విన మట్టిని అంచున పోస్తే తిరిగి లోపలికే జారుతుంది, మీటరు ఎడం వదిలి పోయాలి. నల్లరేగడిలో నీరు నిలుస్తుంది. ఎర్ర చల్కలో ఇంకిపోతుంది, అక్కడ 500 మైక్రాన్ల ప్లాస్టిక్ పరుపు కావాలి, దాని సబ్సిడీకి ఉద్యాన శాఖను అడగాలి. ఇంకడం కూడా నష్టమేం కాదు, దిగువ బోర్లకు బలం. మీకు కావాల్సింది తడా, బోరు రీచార్జా అన్నది ముందు తేల్చుకోండి.

పని ఎక్కే వరుస: గ్రామసభలో పేరు చదివించి తీర్మానంలో రాయించడం, టెక్నికల్ అసిస్టెంటు కొలతలు, అంచనా, మంజూరు, ఆపై కూలీలతో పని. పని ముందు, మధ్యలో, చివర అదే చోట నిలబడి తీసిన జియోట్యాగ్ ఫొటోలు (ఎక్కడ తీశారో అందులోనే నమోదయ్యేవి) కావాలి. మొదటి ఫొటో తీయకముందే పార పడితే బిల్లు కాదు. త్వరగా అవుతుందని యంత్రం దింపితే కూడా అంతే, ఉపాధి పని కూలీ చేతులతో చేయాల్సింది. చెల్లింపు కొలతల పుస్తకంలో (ఎంబీ) ఎక్కిన ఘనపు మీటర్లకే. ఎంబీ రాసేరోజు టేపు రెండో కొస మీరు పట్టుకోండి.

నేల పరీక్ష, ప్రకృతి సేద్యం

సాయిల్ హెల్త్ కార్డు 2015 నుంచి ఉంది, 12 అంశాలు చెబుతుంది. కానీ నమూనాలు గ్రిడ్ పద్ధతిలో తీస్తారు: నీటి వసతి ఉన్నచోట 2.5 హెక్టార్లకు ఒకటి, మెట్టలో 10 హెక్టార్లకు ఒకటి. కాబట్టి మీ కార్డులోని అంకె పక్కవాళ్ల మట్టిది కావచ్చు. సొంతంగా ఇవ్వాలంటే ఎకరంలో ఎనిమిది, పది చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్లు తవ్వి, గోడ నుంచి పలుచగా మట్టి గీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు వదిలేస్తూ అరకిలో మిగిల్చి ఇవ్వండి. గట్టు పక్క, పెంటకుప్ప కింద, చెట్టు నీడన తీయొద్దు.

పరంపరాగత్ కృషి వికాస్ యోజన కింద సేంద్రియ సాగుకు మూడేళ్లకు హెక్టారుకు 31,500 రూపాయలు, అందులో రైతు ఖాతాకు వచ్చేది 15,000. మిగతాది ధ్రువీకరణకు, శిక్షణకు, మార్కెటింగ్‌కు పోతుంది. దీనికి క్లస్టర్ కావాలి, ఒక్కరికి రాదు. ఆంధ్రాలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి సేద్యం కార్యక్రమంలో డబ్బుకంటే సలహా, కషాయాల తయారీ, మహిళా సంఘాల తోడు ఎక్కువ. నగదు ఆశతో వెళ్లేవాళ్లకు అది నచ్చదు.

పెద్ద రుణం, వెనక వచ్చే సబ్సిడీ

గోదాము, ఆరబోత కల్లం, గ్రేడింగ్ యూనిట్ కట్టాలనుకుంటే 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి చూడండి. 2 కోట్ల దాకా రుణానికి ఏడేళ్లపాటు 3 శాతం వడ్డీ రాయితీ, క్రెడిట్ గ్యారంటీ. కనీసం 10 శాతం మీ సొంత డబ్బు పెట్టాలి. ఇది మొదటి రోజునుంచీ రుణమే, గ్రాంటు కాదు.

రుణంతో ముడిపడిన సబ్సిడీలు చాలావరకు వెనక వచ్చే రకం. బ్యాంకు మొత్తం రుణం ఇస్తుంది, సబ్సిడీ వచ్చి మీ పేరున రిజర్వ్ ఖాతాలో కూర్చుంటుంది, చివర్లో బాకీకి సర్దుతారు. ఆ మొత్తంపై వడ్డీ వేయకూడదు. స్టేట్‌మెంట్ తీయించి, సబ్సిడీ చేరిన తేదీ నుంచి వడ్డీ తగ్గిందో లేదో చూసుకోండి. కిస్తీలు మధ్యలో ఎగ్గొడితే ఆ సబ్సిడీ వెనక్కు పోతుంది. "సబ్సిడీ వస్తుంది కదా" అని వాయిదాలు లెక్కలో వేసుకోకుండా దిగినవాళ్లే ఇక్కడ మునుగుతారు.

సోలార్ పంపు పేరుతో రిజిస్ట్రేషన్ ఫీజు అడిగే సైట్లు, వాట్సాప్ లింకులు చాలా తిరుగుతున్నాయి. సోలార్ పంపుల కేంద్ర పథకం పీఎం కుసుమ్ పేరు మీద నకిలీ వెబ్‌సైట్లున్నాయని కేంద్ర మంత్రిత్వ శాఖే పలుమార్లు హెచ్చరించింది. పునరుత్పాదక ఇంధన సంస్థలైన ఆంధ్రాలో నెడ్‌క్యాప్, తెలంగాణలో రెడ్కో ఆఫీసులో అడగకుండా రూపాయి పంపొద్దు.

ఎప్పుడు వెళ్లాలి, ఆగితే ఎవరికి చెప్పాలి

సబ్సిడీలకు ఏప్రిల్ నుంచి జూలై మధ్య దరఖాస్తు వేయడం మేలు. కొత్త ఆర్థిక సంవత్సరం లక్ష్యాలు అప్పుడు దిగుతాయి, జనవరి వచ్చేసరికి పద్దు ఖాళీ. ఖరీఫ్ పంట రుణం ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30, రబీ అక్టోబర్ 1 నుంచి మార్చి 31. జూన్‌లో తొలకరి పడ్డాక బ్యాంకులో నిలబడే చోటు ఉండదు, ఏప్రిల్ చివర్లో ఖాళీగా ఉంటుంది.

బ్యాంకు కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. రాసివ్వాల్సి వచ్చినప్పుడు సగం అభ్యంతరాలు వాటంతటవే పోతాయి. తర్వాతి మెట్టు లీడ్ బ్యాంకు మేనేజరు. బ్యాంకుకే ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్, ఫోన్ 14448. సొసైటీ మీద ఫిర్యాదు అయితే జిల్లా సహకార అధికారికి. శాఖల పనులకు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి.

అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు. మండల స్థాయి ఆఫీసుకు 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10 రూపాయలు ఫీజు, గ్రామ స్థాయిలో ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఫిర్యాదులా రాయకండి, "నాకెందుకు ఇవ్వలేదు" అన్నదానికి జవాబు రాదు. ఇలా రాయండి: "ఫలానా తేదీన, ఫలానా నంబరుతో నేను ఇచ్చిన దరఖాస్తుపై ఇంతవరకు తీసుకున్న చర్యలు తేదీలవారీగా, ప్రస్తుతం ఫైలు ఏ అధికారి వద్ద ఉందో ఆయన హోదాతో సహా, ఈ ఆర్థిక సంవత్సరంలో మన మండలానికి ఈ పథకం కింద మంజూరైన లబ్ధిదారుల జాబితా నకలుతో తెలపగలరు."